అధిక బరువుతో పీసీఓఎస్: చీటీలో ఏ మందు ఎందుకు, ఏది దేనితో కలవదు

కొలబద్ద (ఫార్మసిస్ట్)

చర్చ కోసం పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం నెలనెలా విడుదల కాని సమస్య) ఉన్న ఒక ఊహా కేసు పెడుతున్నాను. వయసు 28, ఎత్తు 156 సెం.మీ., బరువు 78 కిలోలు, అంటే బీఎంఐ 32. డేట్ రెండున్నర మూడు నెలలకోసారి వస్తుంది. గడ్డం కింద వెంట్రుకలు. పరగడుపు షుగర్ 104, బీపీ 128/84. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్ (పాల హార్మోన్) మామూలుగానే ఉన్నాయి. ఏడాదిలోపు గర్భం కావాలి.

చీటీలో ఐదు మందులు: మెట్‌ఫార్మిన్ 500తో ఇనాసిటాల్ కలిసిన మాత్ర రెండు పూటలా, మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ (నెమ్మదిగా విడుదలయ్యేది) 1000 రాత్రికి, సైప్రోటెరోన్ ఉన్న గర్భనిరోధక పిల్, స్పైరోనోలాక్టోన్ 50, ఓర్లిస్టాట్ 120 మూడు పూటలా.

ఇలాంటి చీటీలు కౌంటర్ ముందుకు వస్తూనే ఉంటాయి. ఇందులో ఏది ఉండాలి, ఏది పోవాలి, ఎందుకో చెప్పండి. మందు పేరుతో పాటు మోతాదు, తీసుకునే వేళ కూడా రాస్తే చదివేవాళ్లకు ఉపయోగం.

శ్రావణమేఘం (గైనకాలజీ)

ముందు కనబడేది లక్ష్యాల గొడవ. పీసీఓఎస్‌లో మందు ఇచ్చేది నాలుగు పనుల్లో ఏదో ఒకదానికి: డేట్ సరిచేసి గర్భసంచి లోపలి పొరను కాపాడటం, మొటిమలూ అవాంఛిత రోమాలూ తగ్గించడం, బరువూ షుగరూ అదుపులోకి తేవడం, అండం విడుదలయ్యేలా చేయడం. ఈ నాలుగూ ఒకేసారి జరగవు. పిల్ వేసుకుంటే అండం విడుదల ఆగుతుంది. పురుష హార్మోన్ పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ వాడుతుండగా గర్భం వస్తే, కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. ఏడాదిలోపు బిడ్డ కావాలన్నది చీటీ రాసేముందే అడిగి తెలుసుకోవాల్సిన మాట. అది అడిగి ఉంటే ఈ ఐదింటిలో రెండు రాసేవారే కారు.

ఇంకో సంగతి. స్కానింగ్ రిపోర్టు పట్టుకుని "నీటిబుడగలు కరిగే మందు ఇవ్వండి" అంటారు. అవి తిత్తులు కావు, సగం ఎదిగి ఆగిపోయిన అండపు గుళికలు. వాటిని కరిగించే మందు లేదు, కరిగించాల్సిన పనీ లేదు. అండం విడుదల గాడిలో పడిందా లేదా అన్నదే చూడాలి.

ఎండో_ఓపీ (ఎండోక్రినాలజీ)

శ్రావణమేఘం గారి మాటకు ముందు ఒక మెట్టు ఉంది. ఇది పీసీఓఎస్సేనా? 2003 రోటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం మూడింటిలో రెండు ఉండాలి: డేట్ క్రమం తప్పడం, పురుష హార్మోన్ల లక్షణాలు లేదా రక్తంలో వాటి పెరుగుదల, స్కాన్‌లో ఆ రూపం. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవాళ్లలో స్కాన్ బదులు ఏఎంహెచ్ (అండపు గుళికల నుంచి వచ్చే హార్మోన్) రక్తపరీక్ష చాలన్నాయి. ఈ కేసులో మొదటి రెండూ ఉన్నాయి కాబట్టి స్కాన్ లేకపోయినా నిర్ధారణ నిలుస్తుంది. 17-హైడ్రాక్సీ ప్రొజెస్టెరోన్ ఒకసారి చూసి, పుట్టుకతో వచ్చే అడ్రినల్ లోపం కాదని తేల్చుకోవాలి. వెంట్రుకలు కొద్ది నెలల్లోనే విపరీతంగా పెరిగి గొంతు కూడా మారితే అది వేరే దారి, వెంటనే కణితి కోసం వెతకాలి.

పరగడుపు 104 దగ్గర ఆగిపోవద్దు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల విలువ చూడాలి. 140 నుంచి 199 అయితే ప్రీడయాబెటిస్, 200 దాటితే డయాబెటిస్. చాలామంది హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) ఒక్కటి చేయించి వదిలేస్తారు. మన ఆడవాళ్లలో ఐరన్ లోపపు రక్తహీనత ఎక్కువ, అది ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. హిమోగ్లోబిన్ 9 ఉన్న మనిషికి 6.2 వచ్చిందని ప్రీడయాబెటిస్ ముద్ర వేయకూడదు.

బీఎంఐ లెక్క కూడా మనవాళ్లకు వేరు. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుం చుట్టుకొలత ఆడవాళ్లకు 80 సెం.మీ. దాటకూడదు. బీఎంఐ 24 ఉండి నడుం 88 ఉన్నవాళ్లను "మీరు సన్నగానే ఉన్నారు" అని పంపించేయడం తప్పు.

కొలబద్ద

మెట్‌ఫార్మిన్ గురించి నేను రాస్తాను, కౌంటర్ దగ్గర ఎక్కువ తప్పులు జరిగేది దీనితోనే.

పై చీటీని మళ్లీ చూడండి. కాంబినేషన్ మాత్రలో 500 చొప్పున రెండు పూటలా 1000, రాత్రికి ఇంకో 1000. మొత్తం 2000 మి.గ్రా., అదీ మొదటి రోజు నుంచే. రెండు పేర్లతో ఉండటం వల్ల ఒకే మందు రెండుసార్లు రాశారని ఎవరికీ తట్టదు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే కూర్పు చదివితేనే తెలుస్తుంది. ఈ మోతాదుతో మొదలుపెట్టిన మనిషి మూడో రోజుకి విరేచనాలతో మందు మానేస్తుంది. ఆపైన "నాకు మెట్‌ఫార్మిన్ పడదు" అని జీవితాంతం చెబుతుంది. ఆమెకు పడనిది మందు కాదు, మొదలుపెట్టిన తీరు.

సరైన తీరు ఇది. ఎస్ఆర్ 500, రోజుకు ఒకటి, రాత్రి భోజనంతో. వారం పది రోజులు చూసి, పొట్ట తట్టుకుంటే 500 పెంచాలి. తట్టుకోకపోతే పెంచకుండా ఇంకో వారం అదే మోతాదు. ఇలా 1500 నుంచి 2000 వరకు వెళ్లొచ్చు. పెద్దవాళ్లకు గరిష్ఠం రోజుకు 2.5 గ్రాములు, టీనేజీ అమ్మాయిలకు 2 గ్రాములు. అన్నం సగం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ. పొద్దున్నే ఖాళీ కడుపున కాఫీతో వేసుకునేవాళ్లకే ఎక్కువ ఇబ్బంది.

ఎస్ఆర్ మాత్రను విరగ్గొట్టకూడదు, నమలకూడదు. విరగ్గొడితే నెమ్మదిగా విడుదల కావాల్సింది ఒక్కసారిగా బయటికొస్తుంది. మలంలో మెత్తబడిన తెల్లటి మాత్ర అలాగే కనబడిందని కంగారుపడతారు. అది ఖాళీ డొల్ల, మందు అప్పటికే లోపలికి చేరిపోయింది. ఇంకో మాత్ర వేసుకోవాల్సిన పనిలేదు.

మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ చూడాలి. దాన్నిబట్టి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ పనితీరు) 30 కంటే తక్కువైతే ఇవ్వకూడదు, 30-45 మధ్య ఉంటే కొత్తగా మొదలుపెట్టకూడదు. వాంతులు, విరేచనాలు, తీవ్ర జ్వరంతో ఒంట్లో నీరు తగ్గిన రోజుల్లో ఆపి, మామూలుగా తినడం మొదలయ్యాక మళ్లీ వేసుకోవాలి. ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది. శాకాహారులకు ఇది త్వరగా వస్తుంది కాబట్టి అరికాళ్ల తిమ్మిర్లు మొదలయ్యేదాకా ఆగకుండా పరీక్ష చేయించాలి.

వానకోయిల

మెట్‌ఫార్మిన్‌తో బరువు ఎంత తగ్గుతుంది? డేట్ కూడా దానితోనే వచ్చేస్తుందా?

ఎండో_ఓపీ

వానకోయిల గారూ, బరువు రెండు మూడు కిలోలు, అంతే. దాన్ని బరువు మందుగా ఇస్తే నిరాశే మిగులుతుంది. అది ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు సరిగా స్పందించకపోవడం) మీద పనిచేసే మందు. బీఎంఐ 25 దాటినవాళ్లకు, ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లకు దానివల్ల మేలు ఎక్కువ. కొందరిలో డేట్ క్రమంలోకి వస్తుంది, దానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. డేట్ కంటే ముందు అండం విడుదలవుతుంది. మూడు నెలలుగా డేట్ రాని మనిషి "ఎలాగూ నాకు రాదు కదా" అని జాగ్రత్త మానేస్తే, డేట్ రాకుండానే గర్భం నిలవొచ్చు. నెల తప్పితే గర్భం అనుకునే లెక్క పీసీఓఎస్‌లో పనిచేయదు, నెల తప్పడం ఇక్కడ మామూలే. ఏ మందు మొదలుపెట్టినా ముందు మూత్ర గర్భపరీక్ష చేయించండి.

శ్రావణమేఘం

పిల్ గురించి. ఈ కేసులో పిల్ వద్దన్నాను, కానీ గర్భం ఇప్పుడే వద్దనుకునేవాళ్లకు డేట్‌కీ రోమాలకీ మొదటి మందు అదే. ఈస్ట్రోజన్ ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, 20 లేదా 30 మైక్రోగ్రాముల ఇథినైల్ ఎస్ట్రాడయోల్. సైప్రోటెరోన్ 2 మి.గ్రా., ఈస్ట్రోజన్ 35 ఉన్న పిల్‌తో సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, కాబట్టి దానితో మొదలుపెట్టకూడదు. బరువే ఆ ముప్పును పెంచుతుంది, దాని మీద ఇది కూడా చేరితే రెండూ కలుస్తాయి. బీఎంఐ 35 దాటితే ఈస్ట్రోజన్ ఉన్న ఏ పిల్ అయినా బాగా ఆలోచించాకే.

రాసేముందు తప్పనిసరిగా అడగాల్సినవి: కళ్ల ముందు మెరుపులు వచ్చి మొదలయ్యే మైగ్రేన్ ఉందా, సొంతంగానో కుటుంబంలోనో గడ్డలు కట్టిన చరిత్ర ఉందా, పొగతాగుతారా. బీపీ కొలవకుండా పిల్ రాయకూడదు. మొదలుపెట్టాక మూడు నెలలకు మళ్లీ కొలవాలి.

పిల్ వద్దన్నవాళ్లను ఊరికే వదిలేయకూడదు. డేట్ 90 రోజులు దాటుతుంటే గర్భసంచి పొర మందమవుతూ పోతుంది, ఏళ్ల తరబడి అలా ఉంటే అది క్యాన్సర్ దాకా వెళ్లొచ్చు. వాళ్లకు ప్రొజెస్టెరోన్ రకం మందు మెడ్రాక్సీప్రొజెస్టెరోన్ 10 మి.గ్రా. రోజుకు ఒకటి చొప్పున పది నుంచి పద్నాలుగు రోజులు, గర్భం లేదని తేల్చుకున్నాక. ఆపిన వారంలోపు డేట్ వస్తుంది. ఇది గర్భనిరోధకం కాదని ప్రతిసారీ చెప్పాలి.

రోమాలకు ఏ మందు వాడినా ఆరు నెలలకు ముందు తేడా కనబడదు, ఉన్న వెంట్రుక రాలి కొత్తది సన్నగా రావాలి కదా. రెండు నెలలకే "పనిచేయలేదు" అని మార్చేస్తుంటారు. స్పైరోనోలాక్టోన్ 25 నుంచి 100 వరకు వాడతారు, నమ్మకమైన గర్భనిరోధకంతో కలిపి మాత్రమే.

పిడికెడు_పప్పు (డైటీషియన్)

ఓర్లిస్టాట్ నాకు వదిలేయండి, దీని కథంతా పళ్లెంలోనే ఉంది.

ఇది ఆకలి తగ్గించే మందు కాదు. పేగులో కొవ్వును విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఆపుతుంది, తిన్న కొవ్వులో దాదాపు 30 శాతం ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది. పోయేది నూనెగానే పోతుంది, దుస్తులకు అంటుకుంటుంది, ఆపుకోవడం కష్టం. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 14 గ్రాముల కొవ్వు ఉంటుంది. పూటకు 15-20 గ్రాములు దాటకుండా తింటే ఈ ఇబ్బంది తక్కువ. పెళ్లి భోజనంలో రెండు గారెలు, పులిహోర, పప్పులో నెయ్యి వేసుకుని దీన్ని మింగితే సాయంత్రానికి సమస్య మొదలవుతుంది. కొవ్వు లేని పూట మాత్ర మానేయొచ్చు. మజ్జిగన్నంతో సరిపెట్టిన రాత్రి అది వేసుకుని లాభం లేదు.

చీటీలో రాయని మరో విషయం. ఏ, డీ, ఈ, కే విటమిన్లు కూడా కొవ్వుతోపాటు పోతాయి. మల్టీవిటమిన్ పడుకునే ముందు వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి. విరేచనాలు ఎక్కువైతే నోటితో వేసుకునే పిల్ కూడా సరిగా పట్టదు, ఆ రోజుల్లో కండోమ్ అవసరం.

ఎండో_ఓపీ

ఓర్లిస్టాట్ నిలబడటానికి కారణం అది రక్తంలోకి దాదాపు చేరకపోవడం. గుండెకు చేటని సిబుట్రమిన్ అనే బరువు మందును 2010లో అమెరికా, ఐరోపా మార్కెట్ల నుంచి తీసేశారు. మానసిక కుంగుబాటు తెస్తుందని రిమోనబాంట్ అనే మరో మందును ఐరోపాలో 2008లో ఆపారు. బరువు మందుల మీద అనుమానం ఊరికే రాలేదు.

ఇప్పుడు అందరూ అడిగేది బరువు తగ్గించే వారపు ఇంజెక్షన్ల గురించి. మన దేశంలో టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు కోసం సెమాగ్లూటైడ్ 2.4 మి.గ్రా. 2025 జూన్‌లో వచ్చాయి. స్టెప్-1 ప్రయోగంలో 68 వారాలకు సెమాగ్లూటైడ్ వాడినవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు 2.4 శాతం. సర్మౌంట్-1లో టిర్జెపటైడ్ 15 మి.గ్రా.తో 72 వారాలకు 20.9 శాతం. ఇవి పీసీఓఎస్ కోసం చేసిన ప్రయోగాలు కావు, ఈ మందులకు అనుమతి ఉన్నది ఊబకాయానికి. కానీ 5 నుంచి 10 శాతం తగ్గితేనే చాలామందిలో డేట్ గాడిలో పడుతుంది. మన 78 కిలోల మనిషికి అది నాలుగు నుంచి ఎనిమిది కిలోలు.

సెమాగ్లూటైడ్ వారానికి 0.25తో మొదలు, నాలుగు వారాలకోసారి 0.5, 1, 1.7, 2.4. టిర్జెపటైడ్ 2.5తో మొదలు, నాలుగు వారాల తర్వాత 5. మొదటి మోతాదు బరువు తగ్గించడానికి కాదు, పొట్టను అలవాటు చేయడానికి. "ఏం తగ్గలేదు" అని మూడో వారంలోనే రెట్టింపు చేస్తే వాంతులతో ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తుంది. బరువు తొందరగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వస్తాయి. కుడి డొక్కలో నొప్పి, వీపులోకి పాకే పొట్టనొప్పి వస్తే ఇంజెక్షన్ ఆపి డాక్టరును కలవాలి. కుటుంబంలో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. మామూలు హైపోథైరాయిడ్‌కు ఈ నిషేధం వర్తించదు, ఆ భయంతో ఆపేవాళ్లు చాలామంది.

మానేస్తే బరువు తిరిగొస్తుంది. స్టెప్-1లో ఆపిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చింది. మొదలుపెట్టేనాడే ఈ మాట చెప్పాలి.

కొలబద్ద

వయల్ రూపంలో వచ్చే టిర్జెపటైడ్ గురించి ఒక్క మాట. 2.5 మి.గ్రా. వయల్‌లోనూ, 5 మి.గ్రా. వయల్‌లోనూ ద్రవం 0.5 మి.లీ.యే. మి.గ్రా. వేరు, సిరంజి మీద గీత వేరు. యూ-100 ఇన్సులిన్ సిరంజి మీద 0.5 మి.లీ. అంటే 50 గీత. "2.5 రాశారు కదా" అని రెండున్నర గీత దాకా లాగితే మందు దాదాపు ఏమీ వెళ్లదు. సిరంజి చేతికిచ్చి, గీత మీద వేలు పెట్టి చూపించి పంపడమే నయం.

డాలస్_మాత్ర (ఫార్మ్‌డీ, టెక్సస్)

ఇక్కడి లేబుల్ మీద స్పష్టంగా ఉన్నా మాటల్లో చాలామంది వదిలేసేది: టిర్జెపటైడ్ నోటి పిల్ ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది, పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి. మొదలుపెట్టిన తర్వాత నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ ఇంకో నాలుగు వారాలు కండోమ్ లాంటిది అదనంగా వాడాలి, లేదా నోటితో కాని పద్ధతికి మారాలి. సెమాగ్లూటైడ్‌కు ఈ ఇబ్బంది కనబడలేదు.

గర్భం ప్లాన్ చేస్తే సెమాగ్లూటైడ్ కనీసం రెండు నెలల ముందు ఆపాలి. ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది.

శ్రావణమేఘం

అందుకే ఈ కేసులో అసలు నిర్ణయం కాలానిది. "ముందు బరువు తగ్గి రండి" అని 28 ఏళ్ల మనిషికి ఆరు నెలలు ఇవ్వొచ్చు. అదే మాట 36 ఏళ్ల మనిషికి చెబితే నేను ఒప్పుకోను, అక్కడ అండాల నిల్వ తగ్గడం బరువు కంటే పెద్ద నష్టం.

ఎండో_ఓపీ

ఒప్పుకుంటాను. ఇంజెక్షన్ ఆరు నెలలు, తర్వాత రెండు నెలల విరామం, ఆ విరామంలో బరువు కొంత తిరిగొస్తుంది. ఏడాదిలోపు గర్భం కావాలంటే ఈ లెక్క బిగుతుగానే ఉంది. 28 ఏళ్లకు, బీఎంఐ 32కు మెట్‌ఫార్మిన్, తిండి, నడకతో ఐదు శాతం తగ్గించి నేరుగా అండం విడుదలయ్యేలా చేసే లెట్రోజోల్‌కు వెళ్లడమే నా సలహా. బీఎంఐ 38 అయితే ఇంజెక్షన్ వైపు మొగ్గుతాను.

శ్రావణమేఘం

లెట్రోజోల్ డబ్బా చూసి ఇంట్లో గొడవలు అవుతాయి, పేరు వెతికితే రొమ్ము క్యాన్సర్ మందు అని వస్తుంది. రాసేటప్పుడే చెప్పేస్తే సరిపోతుంది: ఈస్ట్రోజన్ తయారీని ఐదు రోజులు తగ్గిస్తే మెదడు అండాన్ని ఎదిగించే హార్మోన్‌ను ఎక్కువ పంపుతుంది, అందుకే ఇక్కడ వాడతారు. మన దేశంలో సంతానలేమికి దీన్ని 2011లో నిషేధించి, 2017లో ఎత్తేశారు. అందుకే ఇప్పటికీ కొందరు జంకుతారు.

2014లో 750 మంది మీద జరిగిన పెద్ద అమెరికన్ ప్రయోగంలో బిడ్డ పుట్టినవాళ్లు లెట్రోజోల్‌తో 27.5 శాతం, అదే పనికి వాడే క్లోమిఫెన్‌తో 19.1 శాతం. అంతకుముందు 2007 ప్రయోగంలో మెట్‌ఫార్మిన్ ఒక్కదానితో 7.2 శాతమే. గర్భం కోసం మెట్‌ఫార్మిన్ మీదే ఏడాది కూర్చోబెట్టడం ఎందుకు సరికాదో ఈ అంకె చెబుతుంది.

డేట్ మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా 2.5 మి.గ్రా. అండం ఎదగకపోతే వచ్చే నెల 5, ఆపైన 7.5. ప్రతి నెలా మొదలుపెట్టేముందు గర్భపరీక్ష. పదకొండు పన్నెండో రోజు స్కాన్‌లో గుళిక ఎదుగుదల, ఎన్ని ఎదిగాయో చూడాలి, కవలల ముప్పు కోసం. అన్నిటికంటే ముందు భర్త వీర్యపరీక్ష. అది చేయకుండా ఆమెకు ఆరు నెలలు మందులు వాడించడం అన్యాయం. ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టాలి.

వానకోయిల

ఇనాసిటాల్ పొడి వాడొచ్చా? చాలామంది అదే వాడుతున్నారు.

ఎండో_ఓపీ

హాని తక్కువ, ఆధారాలూ తక్కువే. రోజుకు మయో-ఇనాసిటాల్ 4 గ్రాములు, రెండు పూటలుగా. ఇష్టపడితే వాడొచ్చు, కానీ దాని కోసం మెట్‌ఫార్మిన్ ఆపకండి. నెలనెలా దానికయ్యే ఖర్చు గుడ్లకూ పప్పుకూ పెడితే నాకు సంతోషం.

పిడికెడు_పప్పు

ఆ మాట ఇంజెక్షన్ వాడేవాళ్లకు ఇంకా ముఖ్యం. ఆకలి పోయాక రెండు ఇడ్లీలతో రోజు గడిపేస్తారు, తగ్గే బరువులో కండ కూడా పోతుంది. మాంసకృత్తులు రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదు. గుడ్డుకు ఆరు గ్రాములు, కప్పు ఉడికిన పప్పుకు ఏడెనిమిది. పళ్లెంలో ముందు పప్పో గుడ్డో తిని, అన్నం చివర తినండి.

కొలబద్ద

అయితే పై చీటీలో మిగిలేది: మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ 500 రాత్రి భోజనంతో, నెమ్మదిగా 1500 దాకా. ఫోలిక్ యాసిడ్. ఓజీటీటీ (పైన చెప్పిన 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష), క్రియాటినిన్, బీ12 పరీక్షలు, భర్త వీర్యపరీక్ష. గర్భపరీక్ష నెగటివ్ అయ్యాక డేట్ కోసం ఒక కోర్సు మెడ్రాక్సీప్రొజెస్టెరోన్, మూడు నాలుగు నెలలకు లెట్రోజోల్. పిల్, స్పైరోనోలాక్టోన్ పోయాయి. ఓర్లిస్టాట్ కూడా తీసేశాను, గర్భం కోసం ప్రయత్నిస్తూ దాన్ని వాడకూడదు.

వానకోయిల

చివరిగా ఒకటి. ఇంజెక్షన్ రోజు మర్చిపోతే? విజయవాడ ఎండల్లో కరెంటు పోతే ఫ్రిజ్‌లో ఉన్నది పాడవుతుందా?

డాలస్_మాత్ర

టిర్జెపటైడ్ అయితే నాలుగు రోజుల లోపు గుర్తొస్తే వేసుకోండి, దాటితే వదిలేసి మామూలు రోజుకే. సెమాగ్లూటైడ్ 2.4కు తర్వాతి మోతాదుకు ఇంకా రెండు రోజులకు మించి ఉంటే వేసుకోవచ్చు. రెండు మూడు వారాలు తప్పితే పాత మోతాదుకే తిరిగి వెళ్లకుండా డాక్టరును అడిగి కిందినుంచి మొదలుపెట్టాలి.

నిల్వ 2 నుంచి 8 డిగ్రీల మధ్య. బయట 30 డిగ్రీల లోపు టిర్జెపటైడ్ 21 రోజులు ఆగుతుంది, కానీ మే నెలలో మీ గది 30 దాటుతుంది కదా. రెండు మూడు గంటలు కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంచండి, ఏమీ కాదు. ఫ్రీజర్ గోడకు ఆనించి పెట్టడమే అసలు ప్రమాదం. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగాక మామూలుగానే కనబడినా పారేయాలి.